వణికే చేతి సంతకం

216 జాతీయ రహదారి మీద బండి పడి, తలకు దెబ్బ తగిలి, స్పృహ లేకుండా అమలాపురం క్యాజువాలిటీకి వచ్చే మనిషి వెంట ఎవరో ఒకరు ఉంటారు. స్కానింగు, కాకినాడకు రిఫరు, యెదుర్లంక వారధి ఎప్పుడు దాటిస్తామన్న కంగారు. ఆ కంగారులో నేను ఏ కాగితం చాపినా వాళ్లడిగేది ఒకటే: "సంతకం ఎక్కడ పెట్టమంటారండీ?" చదవమంటే, "మీరెలా చెబితే అలాగేనండి, ముందు మనిషిని చూడండి" అంటారు. ఆపరేషనుకైతే సరే. పరిశోధనలో చేర్చుకోవడానికైతే? రోగి చెప్పలేకపోతే చట్టబద్ధ ప్రతినిధి సంతకం చాలంటాయి క్లినికల్ ట్రయల్స్‌పై మన 2019 నిబంధనలు. ఆ సంతకాన్ని సమ్మతి అనడానికి నాకు మనసొప్పదు. ఇక తల్లి కువైట్‌లో ఉన్న రాజోలు కుర్రాడి విషయంలో ఎవరిని అడగాలి?

అలాగని ఇలాంటి పరిశోధనే వద్దనలేను. తల దెబ్బకు స్టెరాయిడ్ మంచిదని దశాబ్దాలపాటు నమ్మి వేశారు. క్రాష్ అనే అంతర్జాతీయ ట్రయల్‌లో 10,008 మందిని చేర్చాక 2004లో నిజం బయటపడింది. రెండు వారాల్లోపు చనిపోయినవారు మందు పడినవారిలో 21.1 శాతం, ఉత్తుత్తి మందు పడినవారిలో 17.9 శాతం. అంటే నూటికి ముగ్గురు అదనంగా పోతున్నారు. ఆ రోగుల్లో చాలామంది తమ నోటితో ఒప్పుకోగల స్థితిలో లేరు. వాళ్లను పక్కనబెట్టి ఉంటే ఆ సూది ఇవాళ్టికీ వేస్తూనే ఉండేవాళ్లం.

కానీ జనం మమ్మల్ని ఎందుకు నమ్మాలి? 2009లో ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనంలో భాగంగా సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు చాలా ఫారాల మీద అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుబట్టింది. అక్కడ ప్రాణం మీదకు వచ్చిందేమీ లేదు. అడగడానికి కావలసినంత సమయం ఉంది.

మా క్యాజువాలిటీలో ఉండనిది ఆ సమయమే. అందుకే ముందే ఊళ్లను అడగాలంటాను. అత్యవసర పరిశోధనకు ముందు ఆ ప్రాంత ప్రజలతో మాట్లాడి తీరాలని అమెరికా 1996లోనే నియమం పెట్టింది. మనమూ పంచాయతీల్లో, డ్వాక్రా సంఘాల్లో కూర్చుని, ఫలానా మందు పరీక్షిస్తున్నాం, మీలో ఎవరైనా ఇందులోకి రావచ్చు, వద్దనుకునేవాళ్లు ఇప్పుడే చెప్పండి అనాలి. ఆపైన, కోలుకున్న మనిషి కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు ఏం చేశామో ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. ఇక చాలంటే అక్కడితో ఆపాలి. కోలుకోనివారి ఇంటికి కూడా వెళ్లి చెప్పాలి. నాకన్నిటికన్నా కష్టంగా తోచేది అదే.