గోడమీది ఉపమానం: రష్యా అచ్చు బొమ్మలలో తప్పిపోయిన కుమారుడు

18, 19 శతాబ్దాలలో రష్యా పల్లె ఇండ్ల గోడలమీద ‘లుబోక్’ అనే అచ్చు బొమ్మలు విరివిగా కనిపించేవి. మాస్కో పరిసర గ్రామాల స్త్రీలు వాటికి చేతితో రంగులు వేసేవారు; రంగు తరచుగా గీత దాటిపోయేది. తిరుగుడు వర్తకులు వాటిని ఊరూరా అమ్మేవారు. డి. ఎ. రోవిన్‌స్కీ 1881లో వాటిని సంకలనపరచి ప్రచురించాడు. చదువురాని విశ్వాసికి అనేక బైబిలు కథలు ప్రసంగంకంటె ముందుగా ఈ బొమ్మలలోనే ఎదురయ్యేవి.

ఇట్టి బొమ్మల ప్రభావాన్ని పుష్కిన్ 1831లో ప్రచురించిన ‘మజిలీ అధికారి’ కథలో చూడగలం. గుర్రాలు మార్చే మజిలీలో సామ్సన్ విరిన్ గోడకు తప్పిపోయిన కుమారుని బొమ్మలు నాలుగున్నాయి: ఇల్లు విడచుట, దుర్వ్యాపారం, పందుల మధ్య దైన్యం, తిరిగి వచ్చుట. విరిన్ కుమార్తె దూన్యాను ఒక సైనికాధికారి మోసంతో తీసుకొనిపోతాడు. తప్పిపోయిన గొఱ్ఱెను తెచ్చుకొందునని తండ్రి పీటర్స్‌బర్గుకు నడిచి వెళ్లి, గెంటివేయబడి తిరిగి వస్తాడు. ఆమె వీధిపాలగునేమోనని తలంచి, అంతకంటె ఆమె చావే మేలని కోరుకొంటాడు; చివరకు త్రాగుడుతో మరణిస్తాడు. దూన్యా మాత్రం ముగ్గురు బిడ్డలతో, ధనవంతురాలిగా వచ్చి ఆయన సమాధిపై పడియుంటుంది.

విరిన్‌ను నాశనం చేసినది ఆ బొమ్మల నీతియేనని విమర్శకుడు గెర్షెన్‌జోన్ 1919లో వాదించాడు. ఈ వాదనలో సత్యమున్నది. అయితే దోషం ఉపమానానిది కాదు. విరిన్‌కు జరిగిన అన్యాయమూ చిన్నది కాదు. లూకా చెప్పినది ఒక కుమారుని కథ. నాలుగు మెట్లుగా గీసినప్పుడు అది అందరికీ వర్తించే చట్టమైనది. ఇల్లు విడచినవారు పందుల యొద్దకు చేరక తప్పదని గోడ బోధించింది. నాలుగవ బొమ్మలో పెద్ద కుమారుడు వెనుక ఎక్కడో నిలిచి దాసులను విచారిస్తాడు. తండ్రి వెలుపలికి వచ్చి అతని బ్రతిమాలుకొన్న సంగతి (లూకా 15:28) అక్కడ లేదు. పెద్ద కుమారుడు లోపలికి వెళ్లెనో లేదో లూకా చెప్పలేదు. ఆ ప్రశ్న వినువారిది. బొమ్మ ఆ ప్రశ్నను మూసివేసింది.

మన విశ్వాసుల గోడలమీద కూడ క్యాలెండరు బొమ్మలున్నవి. వాటిని తీసివేయుమని చెప్పనక్కరలేదు. గృహదర్శనానికి వెళ్లిన కాపరి వాటిని శ్రద్ధగా చూడవలెను. బొమ్మ చూపినదానిని మన ప్రజలు ఎరుగుదురు; అది విడిచిపెట్టిన వచనాన్ని బోధించుట మన పని. కుమార్తె ఇల్లు విడచిన తండ్రి ఎవరైనా ఆ ఆదివారం మన యెదుట కూర్చుండియుండవచ్చును.