పాఠకాభిప్రాయం – విమర్శ ప్రమాణం: కొన్ని తెలుగు వచన గ్రంథాల పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్ర గ్రంథాలలో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: ఫలానా గ్రంథం విశేష పాఠకాదరణ పొందింది. ఆ పాఠకులు ఎవరు, ఏ కారణంగా ఆదరించారు, ఆదరించనివారు ఏమన్నారు అనే ప్రశ్నలకు ఆ వాక్యం చోటివ్వదు. కవి కాలం, కృతి స్వరూపం, ముద్రణ వివరాల గురించి పుటల కొద్దీ చర్చించే చరిత్రకారుడు పాఠకుడిని ఒక్క విశేషణంతో ముగిస్తాడు. గ్రంథం అచ్చయిన తర్వాత దాని బతుకు నడిచేది మాత్రం పాఠకుల మధ్యనే. కనుక పాఠకాభిప్రాయాన్ని విమర్శకు ముడిసరుకుగా స్వీకరించవచ్చునా, స్వీకరిస్తే దానిని ఎలా తూచాలి అన్నవి పరిశోధన చేయదగిన ప్రశ్నలు.

పాఠకాభిప్రాయం అంటే పత్రికలలో అచ్చయిన ఉత్తరం మాత్రమే కాదు. ఒక గ్రంథానికి మరొకరు రాసిన పీఠిక, ఒక గ్రంథాన్ని ఖండిస్తూ వెలువడిన మరో గ్రంథం, ప్రభుత్వం విధించిన నిషేధం, రచయిత పేరు ముందు జనం చేర్చిన పుస్తకం పేరు కూడా పాఠకాభిప్రాయానికి రూపాలే. ఈ విస్తృతార్థంలో కొన్ని నవలలను, కొన్ని కల్పనేతర గ్రంథాలను పరిశీలించి, పాఠకుడి తీర్పుకు ఉన్న బలాన్నీ పరిమితినీ గుర్తించడం ఈ వ్యాస లక్ష్యం.

భావక చతుష్టయం

పాఠకుడిని సిద్ధాంతంలోకి తెచ్చిన ఘనతను పాశ్చాత్య విమర్శకు ఇవ్వడం పరిపాటి. జర్మన్ విమర్శకుడు హాన్స్ రాబర్ట్ యౌస్ 1967లో చేసిన ప్రసంగంతో గ్రహణ సిద్ధాంతం ప్రచారంలోకి వచ్చిన మాట వాస్తవమే. ప్రతి తరం పాఠకులకూ కృతి పట్ల కొన్ని ముందస్తు అపేక్షలు ఉంటాయని, ఆ అపేక్షల పరిధి మారినప్పుడు కృతికి అర్థం కూడా మారుతుందని ఆయన వాదించాడు. అయితే పాఠకుల తారతమ్యాన్ని వర్గీకరించే ప్రయత్నం భారతీయ అలంకార శాస్త్రంలో అంతకు వెయ్యేళ్ల ముందే జరిగింది. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని రెండుగా విభజించాడు. మొదటిది కవికి, రెండవది భావకుడికి ఉపకరిస్తుంది. అంటే చదవడానికి కూడా ప్రతిభ కావాలని ఆయన అంగీకరించాడు.

భావకులు నాలుగు విధాలు. ఏదీ రుచించనివాడు అరోచకి. గడ్డితో సహా అన్నీ ఆరగించేవాడు సతృణాభ్యవహారి. గుణం కనిపించినా ఒప్పుకోలేనివాడు మత్సరి. కృతి తత్త్వంలో ప్రవేశించగలవాడు తత్త్వాభినివేశి. ఇటువంటివాడు వేయిమందిలో ఒక్కడుంటే ఉంటాడని రాజశేఖరుడి అభిప్రాయం. అరోచకిలోనూ ఆయన రెండు రకాలు చూపాడు. ఒకడి అరుచి స్వభావసిద్ధం, దానికి చికిత్స లేదు. మరొకడి అరుచి జ్ఞానం వల్ల కలిగినది. మేలైన రచన ఎదురైతే అతడికి రుచి పుడుతుంది. సతృణాభ్యవహారిత్వం చదువు మొదలుపెట్టిన ప్రతివారిలోనూ ఉండే దశ అని కూడా ఆయన చెప్పాడు.

ఈ వర్గీకరణ ఆధునిక వచన గ్రంథాల పాఠకులకు ఎంతవరకు సరిపోతుందో చూడవలసి ఉంది.

జనప్రియ నవల: పాఠకురాలిపై తీర్పు

1960, 70 దశకాలలో వార, మాస పత్రికల ద్వారా తెలుగు నవల ఇంటింటికీ చేరింది. యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ నవల ఆ కాలపు పాఠకాదరణకు ప్రతీకగా నిలిచి, 1976లో చలనచిత్రంగా కూడా వచ్చింది. ఈ తరహా నవలల గురించి విమర్శకులు రాసిన దానిలో ఎక్కువ భాగం నవలలపై తీర్పు కాదు, వాటిని చదివిన స్త్రీలపై తీర్పు. కలల్లో తేలిపోయేవారు, మధ్యాహ్నపు కాలక్షేపానికి చదివేవారు అన్న మాటల వెనుక, ఆ పాఠకురాలు గడ్డికీ గింజకూ తేడా తెలియని సతృణాభ్యవహారి అన్న ఊహ ఉంది.

ఆ ఊహను ప్రశ్నించడానికి ఆధారం ఆ కాలంలోనే దొరుకుతుంది. కులాంతర వివాహంలోని సంఘర్షణను కథావస్తువుగా గ్రహించిన రంగనాయకమ్మ బలిపీఠం కూడా పత్రికా పాఠకుల ద్వారానే ప్రసిద్ధికెక్కింది. సంపన్న నాయకుడి ప్రేమకు ఆత్మాభిమానంతో బదులిచ్చే జయంతినీ, పెళ్లి అనే వ్యవస్థలో నలిగిపోయే అరుణనూ ఆదరించినవి రెండు వేర్వేరు పాఠక లోకాలని చెప్పడానికి ఆధారం లేదు. ఉద్యోగానికి వెళ్లే యువతి ఆత్మగౌరవం సెక్రటరీ కథకు ఇరుసు. చదువుకుని ఉద్యోగాల్లోకి అడుగుపెడుతున్న తరానికి అది కేవలం కల కాదు, ఎదుట ఉన్న సమస్య. ఆ సమస్యకు నవల చూపిన పరిష్కారం సులభమైనదని విమర్శకుడు అనవచ్చు. ఆ ప్రశ్న పాఠకురాలిది కాదనే అధికారం మాత్రం అతడికి లేదు. ఇక్కడ రాజశేఖరుడి తూనికతో తూచవలసింది విమర్శకుడినే: అతడి అరుచి జ్ఞానం వల్ల కలిగినదా, స్వభావం వల్ల కలిగినదా?

అలాగని పాఠకాదరణ ఉన్నదంతా ఉత్తమమనే నిర్ణయానికి రావడం మరో పొరపాటు. యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం విపరీతమైన ఆదరణ పొందింది. క్షుద్రశక్తులపై నమ్మకాన్ని పెంచుతోందన్న ఆక్షేపణనూ ఎదుర్కొంది. దానిని ఖండిస్తూ రంగనాయకమ్మ తులసిదళం కాదు గంజాయి దమ్ము అనే విమర్శ రాశారు. కథనంలోని ఉత్కంఠకు లోనైన పాఠకుడూ, ఆ ఉత్కంఠ దేనికి ఉపయోగపడుతోందని అడిగిన పాఠకుడూ చూసింది ఒకే గ్రంథాన్ని. మొదటివాడు శిల్పానికి సాక్ష్యం, రెండవవాడు ప్రయోజనానికి సాక్ష్యం. ఒకరి మాటతో మరొకరి మాటను కొట్టివేస్తే విమర్శ సగమే మిగులుతుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ అంపశయ్య. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి జీవితంలోని ఒక్క రోజును చైతన్య స్రవంతి పద్ధతిలో చిత్రించిన ఈ నవల 1969లో వెలువడింది. కథాసంఘటనలు తక్కువ, మనసులోని అలజడి ఎక్కువ. సులభంగా చదివించే లక్షణాలేవీ దీనిలో లేవు. అయినా రచయిత నవీన్ అంపశయ్య నవీన్‌గా స్థిరపడ్డారు. తర్వాత 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం కాలరేఖలు నవలకు వచ్చినా, పాఠకులు పెట్టిన పేరు మారలేదు. ఊరు వదిలి హాస్టల్‌కు చేరి, డబ్బులేమితో, ఆత్మన్యూనతతో రోజులు వెళ్లదీసిన విద్యార్థి తనను తాను ఆ పుటలలో చూసుకున్నాడు. శిల్పం కఠినమైనదైనా అనుభవం తనదైనప్పుడు పాఠకుడు ఆ కాఠిన్యాన్ని భరిస్తాడని ఈ నవల నిరూపిస్తుంది.

మాలపల్లి: మారిన పాఠకుడు

ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి 1922లో వెలువడింది. దీనికి తొలి పాఠకులలో ఒకరైన కాశీనాథుని నాగేశ్వరరావు పీఠిక రాసి జాతీయోద్యమ స్ఫూర్తి గల కృతిగా గౌరవించారు. ఆంగ్ల ప్రభుత్వం దీనిని ప్రమాదకరమైనదిగా చదివి నిషేధించింది. పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు అభిప్రాయాలకూ మూలం ఒక్కటే: ఈ గ్రంథం జనాన్ని కదిలించగలదన్న నమ్మకం.

ఆ రెండు పఠనాలలోనూ లేని పాఠకుడు ఒకడున్నాడు. మాలపల్లి ఎవరి గురించి రాసినదో వారు. 1985లో కారంచేడు ఘటన తర్వాత బలపడిన దళిత సాహిత్యోద్యమంతో ఆ పాఠకుడు విమర్శలోకి వచ్చాడు. రామదాసు సహనాన్ని, వేదాంతాన్ని తొలి పాఠకులు ఔన్నత్యంగా భావిస్తే, ఆ సహనాన్ని దళితుడి నుంచే ఎందుకు ఆశిస్తున్నారని దళిత విమర్శ ప్రశ్నించింది. దళితుడిని కథానాయకుడిగా నిలిపిన చారిత్రక ప్రాధాన్యాన్ని గుర్తిస్తూనే, ఆ నాయకుడిని తీర్చిదిద్దిన దృష్టి ఎవరిదని అడిగింది. ఇది మత్సరి మాట కాదు, అరోచకి మాట అంతకన్నా కాదు. దీనిని తత్త్వాభినివేశమనే అనాలి. కానీ ఈ అభినివేశం శాస్త్రాభ్యాసం నుంచి కాక జీవితం నుంచి వచ్చింది. రాజశేఖరుడి వర్గీకరణ మొదటిసారి చాలకపోయిన చోటు ఇదే.

చలం మైదానం విషయంలోనూ ఇటువంటి మార్పే కనిపిస్తుంది. 1927 నాటి ఈ నవలపై మొదట చెలరేగిన వివాదం నీతికి సంబంధించినది. భర్తను విడిచి అమీర్‌తో వెళ్లిన రాజేశ్వరి చేసింది తప్పా, ఒప్పా అన్నదే నాటి ప్రశ్న. స్త్రీవాద దృష్టి బలపడ్డాక ప్రశ్న మారింది: రాజేశ్వరి కోరిక ఆమెదా, రచయిత ఆమెకు ఆపాదించినదా? మొదటి ప్రశ్నలో రాజేశ్వరి ముద్దాయి. రెండవ ప్రశ్నలో ఆమె తన తరఫున తానే మాట్లాడవలసిన మనిషి. గ్రంథంలో ఒక్క అక్షరం మారలేదు, మారినది చదువుతున్నవారు.

కల్పనేతర గ్రంథం: సాక్షి అయిన పాఠకుడు

కల్పనేతర రచనను చదివేటప్పుడు పాఠకుడి అపేక్ష భిన్నంగా ఉంటుంది. నవల పాఠకుడు ఇలా జరిగే వీలుందా అని అడిగితే, యాత్రాచరిత్ర, స్వీయచరిత్రల పాఠకుడు ఇలాగే జరిగిందా అని అడుగుతాడు.

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర పుట్టుకలోనే పాఠకుడున్నాడు. 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి బయలుదేరిన వీరాస్వామయ్య తన మజిలీల విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసి పంపాడు. ఆ రచన 1838లో గ్రంథంగా వెలువడింది. దారి ఎలా ఉంది, దిగడానికి వసతి ఉందా, సరుకులు దొరుకుతాయా అన్న వివరాలు ఒక మిత్రుడి కుతూహలానికీ, రాబోయే బాటసారి అవసరానికీ ఉద్దేశించినవి. నేటి పాఠకుడు ఆ దారిన నడవడు. అతడు అదే గ్రంథాన్ని నాటి పాలన, ఆచారాలు, జనజీవనం, వాడుక భాషలకు ఆధారంగా చదువుతాడు. దారి చూపే పుస్తకం చరిత్ర పత్రంగా మారింది. ఈ మార్పును రచయిత సంకల్పించలేదు, పాఠకుల అవసరమే దానిని తెచ్చింది.

స్వీయచరిత్రలో సమస్య మరింత జటిలం. కందుకూరి వీరేశలింగం స్వీయచరిత్రములో 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో జరిగిన తొలి వితంతు వివాహం వంటి ఘటనలున్నాయి. ఆ ఘటనలను కళ్లారా చూసినవారు, వ్యతిరేకించినవారు ఉన్న సమాజంలోకే ఆ గ్రంథం వచ్చింది. అటువంటి పాఠకుడు రసాన్ని కాదు, ముందుగా నిజాన్ని తూచుతాడు. అతడిని రాజశేఖరుడి నాలుగు గదులలో ఏ గదిలోనూ కూర్చోబెట్టలేం. అతడు భావకుడే గాని, అంతకుముందే సాక్షి.

పాఠకాభిప్రాయమే గ్రంథమైన సందర్భానికి రంగనాయకమ్మ రామాయణ విషవృక్షం ప్రముఖ ఉదాహరణ. 1970లలో సంపుటాలుగా వెలువడిన ఈ రచన, దాని పేరు సూచిస్తున్నట్లే, విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షాన్ని గుర్తుకు తెస్తుంది. ఒక మహాకృతిని తరతరాలుగా భక్తితో చదివిన సమాజంలో, ఒక పాఠకురాలు మరో విధంగా చదివి, ఆ చదివిన తీరును బహిరంగపరిచారు. దానిని సమర్థించినవారూ, దూషించినవారూ ఉన్నారు. తీర్పు ఏదైనా, పాఠకురాలు రచయిత్రి స్థానానికి చేరడం ఇక్కడ గమనించవలసిన అంశం. భావయిత్రి, కారయిత్రి అనే రెండు ప్రతిభల మధ్య గీత ఇటువంటి చోట చెరిగిపోతుంది.

ఆధారాల సమస్య

పాఠకాభిప్రాయాన్ని అధ్యయనం చేయదలచిన పరిశోధకుడికి మొదటి అడ్డంకి ఆధారాల కొరత. వారపత్రికలలో సీరియల్ పుటలను మాత్రం చింపి, కుట్టించి దాచుకోవడం తెలుగు ఇళ్లలో ఉన్న అలవాటు. ఆ బైండు పుస్తకాలలో నవల మిగిలింది, పాఠకుల ఉత్తరాల పుట పోయింది. అద్దె పుస్తకాల దుకాణాలలో తిరిగిన ప్రతుల అంచులలో పెన్సిలుతో రాసిన మాటలు ఆ ప్రతులతోపాటే చిత్తుకాగితాల కింద పోయాయి. గ్రంథాలయాలలో చినిగిన ప్రతిని తొలగిస్తారు. ఎక్కువమంది చదివిన ప్రతే ముందుగా చినుగుతుంది.

రెండవ అడ్డంకి ఎంపిక. అచ్చయిన ఉత్తరం సంపాదకుడు ఎంచుకున్న ఉత్తరం. అది పాఠకుల మొత్తం గొంతు కాదు. ఉత్తరం రాయగలిగినవారి కంటే రాయలేనివారు, చదివించుకుని విన్నవారు ఎక్కువ. కనుక లభించిన అభిప్రాయాన్ని సంఖ్యగా కాక సందర్భంగా చదవాలి. ఎవరు, ఎప్పుడు, ఏ స్థితిలో ఆ మాట అన్నారన్నది ఆ మాటలో భాగమే.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, పాఠకాదరణను నాణ్యతకు రుజువుగా గాని, నాణ్యతాలోపానికి రుజువుగా గాని తీసుకోకూడదు. ఆ ఆదరణ ఏ ప్రశ్నకు సమాధానంగా వచ్చిందో వెదకాలి. రెండు, కల్పనకూ కల్పనేతరానికీ పాఠకుడు వేసే తూనికరాళ్లు వేరు. ఒకదాని తూనికతో మరొకదాన్ని తూచడం అన్యాయం. మూడు, రాజశేఖరుడి భావక చతుష్టయం నేటికీ ఉపయోగపడుతుంది గాని, దానికి సాక్షి అనే ఐదవ భావకుడిని చేర్చవలసిన అవసరం ఉంది. గ్రంథంలోని జీవితం తనదైనవాడు, ఆ ఘటన చూసినవాడు ఈ కోవకు చెందుతారు. మాలపల్లిని వాడలో నుంచి చదివినవాడు, మైదానాన్ని రాజేశ్వరి పక్షాన నిలిచి చదివిన పాఠకురాలు వీరిలోనివారే.

సాక్షి మాట ప్రతిసారీ సరైనదని దీని అర్థం కాదు. సాక్షి పొరబడవచ్చు, పక్షపాతం వహించవచ్చు. అయినా సాక్షిని పిలవకుండా ఇచ్చిన తీర్పు చెల్లదు. నేటికీ జీవించి ఉన్న నిన్నటి తరం పాఠకుల జ్ఞాపకాలను సేకరించడం, వారపత్రికల పూర్తి సంచికలను ఉత్తరాల పుటలతో సహా భద్రపరచడం తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన పనులు. ఆ పని జరిగిన తర్వాతే విశేష పాఠకాదరణ పొందింది అనే వాక్యానికి కర్త ఎవరో సాహిత్య చరిత్ర చెప్పగలుగుతుంది.