ఒంగోలు జాతికి తండ్రి ఒక్కడేనా?

కూచిపూడి పరిసరాలలో ఎడ్ల బండలాగుడు పందేలు చూచినవారికి ఒక సంగతి అనుభవంలో ఉండే ఉంటుంది. ఒక జత గెలవగానే చుట్టూ మూగిన రైతులు "ఇవి ఏ ఆంబోతుకు పుట్టినవయ్యా?" అని అడుగుతారు. "ఏ ఆవు కన్నది?" అని అడిగేవారు అరుదు. ఆ మాటల మధ్యనే బ్రెజిల్ కథ కూడా వస్తుంది. ఒంగోలు దగ్గరి కరవది గ్రామపు ఆంబోతు ఒకటి 1960ల ఆరంభంలో సముద్రాలు దాటి వెళ్ళినదనీ, నేడు ఆ దేశంలో మేస్తున్న తెల్లని మందలన్నీ దాని సంతానమేననీ చెప్పుకుంటారు. వినడానికి గర్వంగానే ఉంటుంది. కాని విజ్ఞానశాస్త్రం చదువుకొనే మనం ఈ కథను గీటురాయిపై ఒకసారి గీచి చూడవలసి ఉన్నది.

కథలో నిజం లేకపోలేదు. "కార్వాది" అనే పేరుతో బ్రెజిల్ వంశావళి గ్రంథాలకెక్కిన ఆ ఆంబోతు, అక్కడి నెల్లోర్ జాతిపై అత్యధిక ప్రభావం చూపిన వాటిలో ఒకటి. దానితోపాటు గోలియాస్, తాజ్‌మహల్, గోదావరి, ఆకాశము అనే పేర్లు గలవి కూడా 1962 నాటి దిగుమతిలో ఉన్నవి. పశువుల మహమ్మారి భయం వల్ల వాటిని ఫెర్నాండో ద నొరోన్యా ద్వీపంలో కొంతకాలం విడిగా ఉంచిన తరువాతనే ప్రధాన భూభాగానికి పంపినారు.

అయితే అప్పటికే అక్కడ మన జాతి ఉన్నది. 1878లో లెమ్‌గ్రూబర్ అనే ఆసామి జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాలలో ఒంగోలు జతను చూచి, కొని, రియో ప్రాంతానికి రప్పించుకొన్నాడు. 1938లో ఆ జాతికి వంశావళి నమోదు ప్రారంభమైనది. నెల్లోర్ అన్న పేరు మన నెల్లూరుదే. కార్వాది కాలుపెట్టేనాటికి మంద, పేరు, పుస్తకం మూడూ సిద్ధంగా ఉన్నవన్నమాట.

ఇక కథ అడగని ప్రశ్న ఒకటున్నది. ఆ మందలలో ఆవులు ఎక్కడివి? మన దేశం నుండి అన్నివేల ఆవులు ఓడలెక్కలేదు. ఐరోపావాసులు తమతో తెచ్చుకొన్న పశువుల సంతతి అక్కడ ముందే ఉన్నది. ఆ ఆవులకు ఒంగోలు ఆంబోతులను దాటించినారు. పుట్టిన పెయ్యలకు మళ్ళీ ఒంగోలు ఆంబోతునే దాటించినారు. మొదటి తరంలో స్థానిక రక్తం సగం, రెండవ తరంలో పావు. ఈ విధంగా అయిదవ తరానికి అది 32లో ఒక వంతుకు దిగుతుంది. మూపురం, గంగడోలు, తెలుపు అన్నీ మనవే. కాని కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా తల్లినుండి మాత్రమే బిడ్డకు సంక్రమిస్తుంది. అది ఎన్ని తరాలు గడిచినా తరగదు. 1990ల చివర బ్రెజిల్ శాస్త్రజ్ఞులు శుద్ధజాతివని పేరుపడిన నెల్లోర్ పశువులను పరీక్షించగా, చాలావాటిలో ఐరోపా పశువుల మైటోకాండ్రియాయే కనబడినది. తండ్రులు తెలుగువారు, తల్లులలో చాలామంది కారు.

ఇటువంటి పొరపాటే పందెపు గుర్రాల విషయంలోనూ ఉన్నది. ఇంగ్లండులోని థరోబ్రెడ్ జాతికి డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్, బయర్లీ టర్క్ అనే మూడు మగ గుర్రాలు మూలపురుషులని పుస్తకాలన్నీ వ్రాస్తవి. ఆ జాతికి 1791 నుండి అచ్చయిన వంశావళి ఉండటం చేత లెక్క సరిచూడటం సాధ్యమైనది. 2001లో ప్రకటించిన పరిశోధన ప్రకారం నేటి గుర్రాలలో 95 శాతం, తండ్రి, తండ్రికి తండ్రి అనే వరుసలో వెనుకకు పోతే డార్లీ అరేబియన్ దగ్గరకే చేరుతవి. కాని మొత్తం జన్యువులలో దాని వాటా పదోవంతు కూడా లేదు. గొడాల్ఫిన్ వాటా అంతకంటె ఎక్కువ. మాతృవంశాలలో 72 శాతం పది ఆడ గుర్రాలకే చెందినవి. ఆ పదింటినీ మూలమాతలని పిలిచి పాఠం చెప్పినవారిని నేను చూడలేదు. పురుషవంశం ఒక సన్నని దారం మాత్రమే. వారసత్వమంతా ఆ దారమేననుకోవటం శాస్త్రీయం కాదు.

కూచిపూడివారికి ఇది సులభంగా బోధపడగలదు. భాగవత మేళాలలో స్త్రీ వేషాలన్నీ ఒకప్పుడు మగవారే కట్టినారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను ప్రేక్షకులు నిజమైన స్త్రీయే అనుకొన్నారు. జాతుల చరిత్రలోనూ తల్లి వేషం ఆంబోతే కట్టినది. రంగస్థలంపై అది కళ, వంశావళిలో తప్పు.

అట్లని ఆంబోతు ప్రభావం తక్కువని అనరాదు. ఆవు జీవితకాలంలో పదిలోపు దూడలను ఈనుతుంది. కృత్రిమ గర్భధారణ వచ్చిన తరువాత ఒక ఆంబోతుకు వేలకొలది సంతానం కలుగుతున్నది. మేలూ కీడూ ఇందులోనే ఉన్నవి. ఒక ప్రాంతంలో 400 ఆవులు, వాటికి 4 ఆంబోతులు ఉన్నవనుకొందాము. మంద 404 అని తోస్తుంది. జన్యుశాస్త్రపు లెక్క వేరు. ఆంబోతుల సంఖ్యను ఆవుల సంఖ్యతో గుణించి, దానిని నాలుగింతలు చేసి, మొత్తం పశువుల సంఖ్యతో భాగించవలెను. 6,400ను 404తో భాగిస్తే సుమారు 16. పైకి 404 అయినా, రక్తసంబంధం దగ్గరపడే వేగానికి ఆ మంద 16 పశువుల మందతో సమానం. తరానికి సుమారు 3 శాతం చొప్పున ఆ దగ్గరితనం పెరుగుతుంది. చూలు నిలవకపోవటం, దూడలు బలహీనపడటం దాని వెంట వస్తవి. ఆంబోతులను 40 చేస్తే అదే లెక్క 145 అవుతుంది. విద్యార్థులు స్వయంగా వేసి చూడవచ్చును. కొద్దిపాటి ప్రసిద్ధ ఆంబోతులనే నమ్ముకొన్న నెల్లోర్ జాతి విషయంలో బ్రెజిల్ శాస్త్రజ్ఞులకు పట్టుకొన్న ఆందోళన ఇదే.

మన పల్లెలలో దీనికొక ఏర్పాటు ఉండేది. ఇంటి పెద్ద పోయినప్పుడు మంచి కోడెదూడను ఎంచి, అచ్చువేసి ఊరిమీదకు వదిలేవారు. పేరుకు అది పుణ్యకార్యం. పనికి అది విత్తనపు ఎంపిక. ఊరికొక ఆంబోతు ఉండటం చేత రక్తం ఒకేచోట మడుగు కట్టలేదు. దాని లోపం, ఎవరూ వ్రాసిపెట్టకపోవటం. ఆ పద్ధతి సన్నగిల్లినది, ట్రాక్టర్లు వచ్చినవి, డెల్టాలో గేదెలూ జెర్సీ సంకరాలూ పెరిగినవి. గుంటూరు దగ్గర లాం పరిశోధనా స్థానం వంటివి ఒంగోలు మందలను నిలుపుతున్నా, రైతు దొడ్డిలో వంశం నేటికీ నోటిమాటే.

బ్రెజిల్‌లో గాలి కొంత మారినది. 2023 వేలంలో వాటా ధరను బట్టి 43 లక్షల డాలర్లు విలువ కట్టబడిన నెల్లోర్ పశువు ఆంబోతు కాదు, వియాటినా-19 అనే ఆవు. దాని పిండాలను వేరే ఆవుల గర్భాలలో పెంచే విద్య వచ్చిన తరువాత తల్లికి కూడా తండ్రితో పోటీపడేటంత సంతానం సాధ్యమైనది.

మన బండలాగుడు దగ్గరకు మళ్ళీ వద్దాము. గెలిచినది విత్తులు కొట్టించిన ఎద్దు అయితే దానికి సంతానం ఉండదు. దాని బలం జాతిలో నిలవాలంటే దానిని కన్న ఆవును, ఆ ఆవు పెయ్యలను వెదికి పట్టుకోవలెను. పందెం ముగిసిన చోట ఉపాధ్యాయులు పిల్లల చేత ఒక నోటుపుస్తకం పట్టించి, ప్రతి జతకూ తండ్రి పేరు పక్కనే తల్లి, తల్లికి తల్లి, ఏ ఊరు, ఎన్నవ ఈత అని వ్రాయించవచ్చును. తల్లి గడులు మొదటి ఏడు చాలావరకు ఖాళీగానే ఉంటవి.