పది నిమిషాల పాస్

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని రిపీటర్ (అందుకున్న మాటను తిరిగి ప్రసారం చేసే రేడియో) మీదుగా మాట్లాడే హామ్‌ల, అంటే రేడియో ఔత్సాహికుల, పనితనం దగ్గరుండి చూడాలి. కేంద్రం దిగంతాన పొడిచి అవతల దిగిపోయేదాకా ఉండేది మహా అయితే పది పదకొండు నిమిషాలు. ఎడమచేతిలో యాగీ యాంటెన్నా, చెవులకు హెడ్‌ఫోన్లు. కేంద్రం వేగానికి ఫ్రీక్వెన్సీ జారుతూ ఉంటుంది కాబట్టి వినడం 437.810 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, నడినెత్తికొచ్చేసరికి 437.800కి, దిగేటప్పుడు 437.790కి వస్తారు. గొంతు సన్నగిల్లిందా, మణికట్టు కాస్త తిప్పుతారు. మాట మళ్లీ తేటపడుతుంది. అసలు తంటా రొదతోనే. పక్కింటి చవక ఎల్ఈడీ అడాప్టర్ చాలు, గరగరలతో చెవులు నింపడానికి. అంతకన్నా గడుసుది సొంత రేడియో: పైకి పంపేది 145.990 మీద, దాంతోపాటు దానికి మూడింతలైన 437.970 మీద కూడా కాస్త అక్కర్లేని సంకేతం వెలువడుతుంది, అంటే వినాల్సిన చోటికి ఆనుకునే! పంపే, వినే ఫ్రీక్వెన్సీలను విడదీసే డిప్లెక్సర్ బిగించి, పవర్ తగ్గించి దాని నోరు మూయిస్తారు. ఇంతా చేసి చెప్పేది కాల్‌సైన్, గ్రిడ్ స్క్వేర్ (తామున్న చోటు తెలిపే కోడ్), ఒక నమస్కారం. అంతే, ఛానెల్ ఒక్కటే, కాచుకున్నవాళ్లు బోలెడుమంది. ఎవరైనా కొత్తవారు తడబడుతుంటే పాతకాపులు బటన్ మీంచి వేలు తీసి ఆగుతారు చూడండి, నాకైతే ఆ మర్యాదే అన్నిటికన్నా ఇష్టం.