ఎవరి గ్లాసు, ఎవరి బల్ల?

ఊళ్లో టీ హోటల్ పోయింది, సందు చివరి పుస్తకాల కొట్టు పోయింది, ఇరానీ హోటల్ మూతబడింది, మనుషులు కలుసుకునే చోట్లే లేకుండా పోతున్నాయి అని దిగులుపడే వ్యాసాలు ఈ మధ్య తరచుగా కనపడుతున్నాయి. వీటికి తోడుగా నిలబడే పుస్తకం అమెరికన్ సోషియాలజిస్టు రే ఓల్డెన్‌బర్గ్ 1989లో రాసిన ‘ది గ్రేట్ గుడ్ ప్లేస్’. ఇల్లు ఒక చోటు, పని ఒక చోటు, ఈ రెండూ కాని కాఫీ హోటల్, మంగలి షాపు లాంటివి మూడో చోటు. అక్కడ హోదాలు చెల్లవు అంటాడాయన. ఈ మాటని మన ఊళ్లకి అతికించే ముందు ఒక ప్రశ్న వేయాలి. ఆ బల్ల మీద కూచున్నదెవరు?

మా నాయన టీ తాగిన హోటల్లో ఊరివాళ్ల గ్లాసులు లోపల, మా వాడవాళ్ల గ్లాసులు బయట చూరులో ఉండేవి. తాగినవాడే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. పేపరు చదివేది లోపల. బయట కింద కూచున్న మావాళ్లకి వినపడినంతే లోకం. దుకాణాల్లో, హోటళ్లలో కులవివక్ష కూడదని రాజ్యాంగం 15వ అధికరణ చెప్పింది. 1955 చట్టం దాన్ని నేరం చేసింది. గ్లాసు మాత్రం చూరు దిగలేదు. 1991లో చుండూరు ఊచకోతకి ముందు గొడవ మొదలైంది సినిమా హాల్లో కాలు తగిలిందనే కదా! నాకు ఊహ తెలిసేసరికి మా ఊళ్లో ప్లాస్టిక్ గ్లాసులొచ్చాయి. అంటు పోయిందని సంబరపడ్డాం. పోయింది గ్లాసు కడిగే పనే.

అయితే ఈ చోట్లు పోతే పోనీ అందామా? నేనట్లా అనలేను. యూనివర్సిటీలో చేరిన కొత్తలో హైదరాబాదులో ఒక ఇరానీ హోటల్లో వన్ బై టూ చాయ్‌తో గంటలు గంటలు కూచున్నాను. ఇంటిపేరేంటని అడిగినవాడు లేడు. ఆటోడ్రైవరుకిచ్చిన కప్పులోనే నాకూ ఇచ్చారు. నా మొదటి వ్యాసం గురించి వాదించుకుంది ఆ బల్ల దగ్గరే. మా అక్క మాత్రం అట్లాంటి హోటల్లో ఏనాడూ కూచోలేదు, అది మగవాళ్ల చోటు. స్థలాల రేట్లు పెరిగి అట్లాంటి హోటళ్లు చాలా పోయాయి. ఇప్పుడు నిలబడి తాగిపోయే టీ పాయింటు ఒకవైపు, జేబు చూసి కూచోబెట్టే కాఫీ షాపు ఇంకోవైపు. కులం అడగని బల్ల పోవడం అందరికంటే మనకే ఎక్కువ నష్టం.

ఈ వ్యాసాల్లో అసలే కనపడని కొట్టు ఒకటుంది. మా తాత చెప్పులు కుట్టిన పందిరి. చెప్పులు, మోట బొక్కెనలు, ఎద్దుల పట్టెడలు అక్కడే తయారయ్యేవి. కూలి రేట్లు మాట్లాడుకున్నదీ, పెళ్లిళ్లు కుదుర్చుకున్నదీ అక్కడే. ఊరి రైతులు వచ్చేవాళ్లు, నిలబడి పని చెప్పి పోయేవాళ్లు. కూచునేవాళ్లు కాదు. ఓల్డెన్‌బర్గ్ లెక్కలో ఇది ఎన్నో చోటు? మాకు ఇల్లూ పనీ మాటా ఆ ఒక్క పందిరి కిందే. దాన్ని ఆకాశానికెత్తే ఉద్దేశం నాకు లేదు. అక్కడ తోలు కంపుంది, వెట్టి ఉంది. కరెంటు మోటార్లొచ్చి మోట పోయింది, ఫ్యాక్టరీ చెప్పులొచ్చి పందిరి పోయింది. దాని గురించి ఒక్కరూ దిగులుపడలేదు.

పోయిన చోట్ల గురించి రాయండి, వద్దనం. రాసేటప్పుడు లోపల కూచున్నవాళ్లతో పాటు బయట గ్లాసు కడిగినవాణ్ణి, నిలబడ్డవాణ్ణి, అసలు గడపే తొక్కనిదాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. అప్పుడే ఏం పోయిందో, ఏం కట్టుకోవాలో తెలుస్తుంది.