శుభం కార్డు తర్వాత

శుభం కార్డు పడకముందే లేచిపోయే జనం మనం. క్లైమాక్స్ ఫైటు సగంలో ఉండగానే సైకిల్ స్టాండు వైపు చూపులు. అలాంటిది, 'రంబుల్ ఇన్ ద బ్రాంక్స్' ఆడిన రోజు మా ఊరి హాల్లో ఒక్కరూ కదల్లేదు. తెర మీద పేర్లు పడుతున్నాయి, జాకీ చాన్ కూడా పడుతున్నాడు. లేస్తున్నాడు, మళ్లీ పడుతున్నాడు. విరిగిన చీలమండకి కట్టు, కట్టు మీద బూటులా కనబడేట్టు రంగు వేసిన మేజోడు. ఆపరేటర్‌కి ఇంటికెళ్లే తొందర, మధ్యలో ఆపేశాడు. నేల టికెట్ వాళ్లు గోల చేసి మిగిలింది వేయించుకున్నారు.

తప్పిపోయిన షాట్లు చివర్లో చూపించడం జాకీ చాన్ సొంత ఆలోచన కాదు. 1981లో 'కానన్‌బాల్ రన్' అనే హాలీవుడ్ సినిమాలో చిన్న వేషం వేసినప్పుడు చూసి నేర్చుకున్నాడు. ఆ సినిమా తీసిన హాల్ నీధమ్ కూడా ఒకప్పటి స్టంట్‌మ్యానే. దెబ్బ తిన్నవాడికే తోచే ఆలోచన మరి.

మన హీరో కొడితే పదిమంది గాల్లోకి లేస్తారు, హీరో చెయ్యి మాత్రం చెక్కు చెదరదు. జాకీ చాన్ కొట్టిన మరుక్షణం చెయ్యి విదిలించుకుంటాడు, నొప్పెట్టింది కదా అన్నట్టు. నన్ను పట్టేసింది ఆ విదిలింపే. వెనక్కి వెనక్కి తగ్గుతూ చేతికి ఏది దొరికితే దాంతో కాచుకుంటాడు. కుర్చీ, బల్ల, 'ఫస్ట్ స్ట్రైక్'లో అయితే మామూలు నిచ్చెన. ఆ నిచ్చెనలోకి దూరి, దాన్ని తిప్పి, మడిచి, మళ్లీ విప్పే తీరు చూస్తే చిన్నప్పుడు హాంకాంగ్‌లో గురువు యు జిమ్‌యుయెన్ దగ్గర గంతులూ కసరత్తులూ కలిసిన పెకింగ్ ఆపెరా నేర్చుకున్న ఏళ్లన్నీ కనబడతాయి. కెమెరా కూడా దూరంగా నిలబడుతుంది. తన్నే కాలూ తగిలే డొక్కా ఒకే ఫ్రేములో ఉంటాయి. దగ్గరికి జరిగి ముక్కలు ముక్కలుగా కత్తిరిస్తే ఎవరైనా వీరులే.

1923లో మూకీల హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ తెర మీద గడియారం ముల్లు పట్టుకుని వేలాడాడు. అరవై ఏళ్లకి 'ప్రాజెక్ట్ ఎ'లో జాకీ చాన్ కూడా వేలాడాడు. వేలాడి, వదిలేశాడు. ఎండకి కట్టిన గుడ్డల్ని చించుకుంటూ నేల మీదికి. దూకడానికి ధైర్యం చాలక రోజులు వాయిదా వేశానని తర్వాత తనే చెప్పుకున్నాడు.

అలాగని దెబ్బల జాబితా అప్పజెప్పి మురిసిపోయే అభిమానులంటే నాకు చిరాకే. 1986 'ఆర్మర్ ఆఫ్ గాడ్'లో చేసింది అంత పెద్ద సాహసమేమీ కాదు, గోడ మీంచి చెట్టు కొమ్మ అందుకోవడం. కొమ్మ విరిగింది, పుర్రె చిట్లింది. ఇక 'పోలీస్ స్టోరీ'లో పగిలిన అద్దాలు చూసి యూనిట్ వాళ్లు దాన్ని 'గ్లాస్ స్టోరీ' అనుకునేవారట. ఆ అద్దాల్లోంచి పడ్డవాళ్లలో ఎంతమంది పేర్లు మనకి తెలుసు?

ఇప్పుడు ఆయనకి డెబ్బై దాటాయి. 'కుంగ్‌ఫూ యోగా'లో మన 'అరుంధతి' పశుపతి సోనూ సూద్‌తో తలపడ్డాడని ఆశగా చూశాను. గ్రాఫిక్సు ఎక్కువ, ఒళ్లు తక్కువ. వదిలేద్దాం.

2023లో వచ్చిన 'రైడ్ ఆన్' వేరు. అందులో పని దొరకని ముసలి స్టంట్‌మ్యాన్. ఒకచోట కూతురితో కూర్చుని తన పాత సాహసాలు చూసుకుంటాడు. తెర మీద కనబడేవి నిజంగా జాకీ చాన్ కుర్రతనంలో చేసిన షాట్లే. చూస్తూ ఏడుస్తాడు. నా పక్కన కూర్చున్న మావాడు, "ఇవన్నీ గ్రాఫిక్సేగా నాన్నా?" అన్నాడు. కాదురా అన్నాను. నమ్మినట్టు లేడు.

పేర్లు మొదలయ్యాయో లేదో తెర ఒక మూలకి కుంచించుకుపోయి, తర్వాతి సినిమా తయారైపోయింది. ఈసారి గోల చేద్దామంటే ఆపరేటర్ లేడు. రిమోట్ వెతుక్కుని వెనక్కి తిప్పాను.