కేబులా, డిష్షా? ఇంటిని చూసి తేల్చుకోండి

కొత్త ఇంటికి టీవీ కనెక్షన్ అనగానే మొదట వచ్చే ప్రశ్న 'నెలకు ఎంత?' అని. ఒకప్పుడు అది అడగాల్సిన ప్రశ్నే. వీధి ఆపరేటర్ చెప్పిందే రేటు, డీటీహెచ్ కంపెనీ కట్టిందే ప్యాకేజీ. 2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ వచ్చాక రేట్లలో తేడా చాలావరకు చెరిగిపోయింది. పే ఛానెల్ గరిష్ఠ ధరను ప్రసార సంస్థే ప్రకటించాలి, అది కేబుల్‌కైనా డిష్‌కైనా ఒకటే. 18 శాతం జీఎస్టీ కూడా రెండింటికీ సమానమే. మిగిలింది నెట్‌వర్క్ ఫీజు. 130 రూపాయలకు 100 ఛానెళ్లన్న పరిమితిని 2020లో 200 ఛానెళ్లకు పెంచిన ట్రాయ్, 2024 జూలైలో ఆ ఫీజు మీద పరిమితినే ఎత్తేసింది. కాబట్టి బిల్లులో పోల్చి చూడాల్సింది ముఖ్యంగా ఆ ఒక్క వరుసనే. అసలు తేడా బిల్లు బయట, మన ఇంటి చుట్టూ ఉంది.

ముందు వాన సంగతి. కేబుల్ ఆపరేటర్లకూ ఛానెళ్లు ప్రధానంగా ఉపగ్రహం నుంచే వస్తాయి. కాకపోతే తమ ప్రధాన కేంద్రమైన హెడ్‌ఎండ్‌లో పెద్ద పెద్ద డిష్‌లు పెట్టి, ఎక్కువగా సీ-బ్యాండ్‌లో పట్టుకుంటారు. దాని మీద వాన ప్రభావం తక్కువ. మన డాబా మీది చిన్న డిష్ పనిచేసేది కేయూ-బ్యాండ్‌లో. ఆ తరంగం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లే, జోరువాన చినుకులు దాన్ని మింగేస్తాయి. బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి, మాట తెగి, నల్లటి తెర మీద 'సిగ్నల్ లేదు' అని పడుతుంది. వాన తగ్గగానే తనంతట తనే వస్తుంది. రాకపోతే డిష్ ముందుండే రిసీవర్ ఎల్ఎన్‌బీ దగ్గరి కనెక్టర్‌లోకి నీళ్లు దిగాయేమో, కోతులు ఊగి డిష్ పక్కకు తిరిగిందేమో చూడాలి. ఉపగ్రహం ఉన్నది దాదాపు 36 వేల కిలోమీటర్ల దూరాన. ఇక్కడ డిష్ రెండు మూడు డిగ్రీలు తిరిగినా అక్కడ గురి తప్పినట్టే.

కేబుల్‌ది వేరే బాధ. ఫైబర్ వీధి దాకా వచ్చి, అక్కడి నోడ్ అనే సిగ్నల్ పెట్టె నుంచి కరెంటు స్తంభాల మీదుగా ఇంటికి తీగ వస్తుంది. ఆ నోడ్‌కు కరెంటు కావాలి. మన ఇన్వర్టర్ మీద టీవీ వెలుగుతున్నా, వీధిలో నోడ్ బ్యాటరీ అయిపోతే చూడటానికి ఏమీ ఉండదు. డిష్ ఉన్న ఇంటికి ఇన్వర్టర్ ఒక్కటి చాలు. పైగా ఆ స్తంభాలు కేబుల్ వాళ్లవి కావు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, స్తంభాల మీది కేబుళ్లను విద్యుత్ సిబ్బంది కత్తిరించడం మొదలుపెట్టారు. ఎన్నో వీధుల్లో టీవీ, ఇంటర్నెట్ కలిసే ఆగిపోయాయి.

రిపేరు విషయంలో మాత్రం కేబుల్‌కే నా ఓటు. ఫోన్ చేస్తే ఆపరేటర్ దగ్గరి కుర్రాడు బండి మీద వస్తాడు. పిన్ను లాగి, నల్లబడ్డ రాగి కొసను బ్లేడుతో గీకి, మళ్లీ బిగించి 'ఇప్పుడు చూడండి ఆంటీ' అంటాడు. డీటీహెచ్‌లో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అయ్యాక విజిటింగ్ ఛార్జీ మాట వస్తుంది. ఊరి జాతర, నల్లా నీళ్ల వేళలు, బట్టల కొట్టు ఆషాఢం ఆఫర్ చూపించే లోకల్ ఛానెల్ కూడా కేబుల్‌లోనే ఉంటుంది. అదే తీగతో ఇంటర్నెట్ కూడా ఇప్పించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో మొదలైన ప్రభుత్వ ఫైబర్‌నెట్ 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోన్ కలిపి ఇవ్వజూపింది. కేబుల్‌తో చిక్కల్లా చాలా వీధులకు ఒక్కడే ఆపరేటర్ ఉండటం. అతనితో చెడితే వేరే దారి లేదు. డిష్‌కు ఆ బెడద లేదు, ఈ కంపెనీ నచ్చకపోతే ఇంకో కంపెనీ. కానీ ఒకరి బాక్సు మరొకరికి పనికిరాదు, మారితే మళ్లీ కొత్తది కొనాల్సిందే.

చాలామంది అపార్ట్‌మెంట్లో దిగాక గాని గమనించనిది ఇంకొకటి ఉంది. హైదరాబాద్ నుంచి చూస్తే మన డీటీహెచ్ ఉపగ్రహాలు దక్షిణానికీ తూర్పుకూ మధ్య, నేల నుంచి యాభై డిగ్రీలకు పైన ఉంటాయి. పై అంతస్తు బాల్కనీ స్లాబ్ అడ్డొస్తే డిష్‌కు ఆకాశమే కనపడదు. టెర్రస్ మీద పెట్టుకోవాలంటే అసోసియేషన్ ఒప్పుకోవాలి.

ఇక నా తీర్పు. అపార్ట్‌మెంటయినా, టౌన్‌లో ఆపరేటర్ దగ్గర్లోనే ఉన్నా కేబుల్ తీసుకోండి, నెట్టు కూడా అతని దగ్గరే అయితే మరీ మేలు. శివారు వెంచర్‌లో సొంత ఇల్లు, పైన డాబా, ఇంకా తీగ రాని వీధి అయితే డిష్ పెట్టించండి. నెలనెలా కట్టడం ఇష్టంలేక, యాదగిరి, సప్తగిరి వంటి దూరదర్శన్ ఛానెళ్లతో సరిపెట్టుకోగలిగితే డీడీ ఫ్రీ డిష్ ఉంది. ఇల్లు ఇంకా కడుతూనే ఉంటే, ప్లాస్టరింగ్‌కు ముందే ఎలక్ట్రీషియన్‌తో హాల్ నుంచి డాబాకు ఒక పైపు, వీధి గోడ వైపు ఒక పైపు వేయించండి. రేపు మనసు మారినా గోడ పగలగొట్టే పని ఉండదు.